మూడు రకాల తీగలు, ఒక 23 అంగుళాల యుకులేలే

తీర్పు ముందే చెప్పేస్తాం, కారణాలు తరవాత. మీ దగ్గరున్నది ప్లైవుడ్ పొరలతో చేసిన (లేమినేట్) 23 అంగుళాల కాన్సర్ట్ యుకులేలే (గిటారు పోలికతో ఉండే నాలుగు తీగల చిన్న వాయిద్యం) అయితే అకీలా న్యూ నైల్‌గట్ 7యు సెట్ తీసుకోండి. పైపలక ఒకే చెక్కతో చేసిన సాలిడ్ టాప్ వాయిద్యమైతే మార్టిన్ ఎం600 ఫ్లోరోకార్బన్. వేలికి నున్నగా తగలాలి, నాదం గుండ్రంగా రావాలి, వారం పాటు శ్రుతి సరిచేసుకునే ఓపిక ఉంది అంటే డాడారియో ఈజే87సి టైటేనియం. మూడూ మంచివే. కానీ ముడి సరిగ్గా పడకపోయినా, నట్ (మెడ పైకొసన తీగలు ఆనే గాళ్ల పట్టీ) గాడి తీగని పట్టేసుకున్నా మూడూ ఒకేలా ఏడుస్తాయి. "ఈ బ్రాండ్ శ్రుతి నిలవదు" అని తిట్టుకునేవాళ్ల వాయిద్యం చేతిలోకి తీసుకుని చూస్తే తప్పు చాలావరకు బిగింపులోనే కనిపిస్తుంది. అందుకే ఇక్కడ తీగల మంచిచెడ్డలతో సమానంగా బిగింపు గురించీ మాట్లాడాలి.

ముందు సైజు. డబ్బా మీద రాసే 21, 23, 26 అంగుళాలు వాయిద్యం మొత్తం పొడవు. 21 సోప్రానో, 23 కాన్సర్ట్, 26 టెనర్. తీగకి ఆ లెక్కతో పనిలేదు. దానికి కావలసింది స్కేలు పొడవు, అంటే నట్ నుంచి శాడిల్ (కిందివైపు తీగలు ఆనే సన్నటి పట్టీ) దాకా తీగ కంపించే భాగం. సోప్రానోకి ఇది సుమారు 345 మిల్లీమీటర్లు, కాన్సర్ట్‌కి 380, టెనర్‌కి 430, బారిటోన్‌కి 510 దాకా ఉంటుంది. కొలవాలంటే నట్ నుంచి 12వ ఫ్రెట్ (మెడ మీది అడ్డ పట్టీల్లో పన్నెండోది) దాకా టేపు పెట్టి రెండింతలు చేసుకోండి. నేరుగా శాడిల్ దాకా కొలిస్తే రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ వస్తుంది, ఎందుకంటే శ్రుతి సరిపోవడానికి శాడిల్‌ని కొద్దిగా వెనక్కి పెడతారు.

ఈ పొడవుని ఎందుకు పట్టించుకోవాలంటే, ఒకే తీగని ఒకే శ్రుతికి తెచ్చినప్పుడు దాని బిగువు పొడవు వర్గాన్ని బట్టి మారుతుంది. 380 మిల్లీమీటర్ల మీద హాయిగా ఉన్న తీగని 345 మీదికి తెస్తే బిగువు 18 శాతం పడిపోతుంది. 430 మీదికి తెస్తే 28 శాతం పెరుగుతుంది. టెనర్ తీగల్ని సోప్రానో మీద వేస్తే తెగవు, పాడవవు. కాకపోతే వేలు తగలగానే తీగ పక్కకి జారినట్టుంటుంది, ఫ్రెట్ల మీద జుయ్‌మంటుంది. దుకాణాల్లో "ఏ సైజుకైనా సరిపోతుంది" అని ఇచ్చే పేరులేని సెట్లతో వచ్చే తంటా ఇదే. నిజానికి ఎం600కీ ఈ మాట కొంత వర్తిస్తుంది. దాన్ని సోప్రానోకీ కాన్సర్ట్‌కీ కలిపి ఒకే ప్యాకెట్‌గా అమ్ముతారు. కాన్సర్ట్ మీద చక్కగా ఉంటుంది. సోప్రానో మీద మాత్రం మెత్తగా అనిపిస్తుంది. గట్టిగా స్ట్రమ్మింగ్ (అన్ని తీగలూ కలిపి మీటడం) చేసేవాళ్లకి అది నచ్చకపోవచ్చు.

మామూలు శ్రుతి నాలుగో తీగ నుంచి జి, సి, ఇ, ఏ (G, C, E, A). హెర్ట్జ్‌లలో 392, 261.6, 329.6, 440. మన లెక్కలో సి అంటే ఒకటో శ్రుతి. దాన్ని షడ్జం అనుకుంటే ఖాళీ తీగలు వరసగా ప, స, గ, ధ (అంతర గాంధారం, చతుశ్రుతి ధైవతం). నాలుగో తీగ పంచమం మంద్రంలో కాకుండా షడ్జానికి పైన ఉంటుంది. యుకులేలేకి ఆ గలగల నాదం అక్కడినుంచే వస్తుంది. కొత్త తీగలు వేసేటప్పుడు జరిగే పెద్ద తప్పూ ఇక్కడే. క్లిప్ ట్యూనర్ "జి" అని చూపిస్తుందే గానీ ఏ స్థాయి జి అన్నది చాలా ట్యూనర్లు చూపించవు. కొందరు కింది స్థాయి జి దగ్గరే ఆపేసి తీగ వదులుగా ఉందంటారు. కొందరు సరైన జి దాటిపోయి, ఇంకో జి కోసం బిగిస్తూ పోయి తెంపేస్తారు. ట్యూనర్ పక్కన పెట్టి చెవితో సరిచూసే మార్గం ఉంది. ఇ తీగ మూడో ఫ్రెట్, సి తీగ ఏడో ఫ్రెట్, ఖాళీ జి తీగ, ఈ మూడూ ఒకే స్వరం పలకాలి. జి తీగ రెండో ఫ్రెట్ ఖాళీ ఏ తీగతో కలవాలి.

ఇక పదార్థం. 1879లో రావెన్స్‌క్రాగ్ అనే ఓడలో మదీరా దీవి నుంచి హవాయికి వచ్చిన పోర్చుగీసు వలస కూలీల్లో చెక్కపని తెలిసినవాళ్లు తమ చిన్న గిటారు నమూనా మీద ఈ వాయిద్యాన్ని తయారుచేశారు. అప్పుడు తీగలంటే జంతువుల పేగుతో చేసినవే. నైలాన్ వచ్చాక పేగు తీగలు పక్కకి పోయాయి. నైలాన్ చవక, తేమకి తెగదు, కానీ పేగంత బరువుండదు. నైలాన్ సాంద్రత ఘన సెంటీమీటరుకి సుమారు 1.14 గ్రాములు. పేగుది 1.3. ఫ్లోరోకార్బన్‌ది 1.78. సమీక్షలన్నిటిలో కనిపించే "బ్రైట్", "వార్మ్" లాంటి మాటల వెనక ఉన్నది ఎక్కువగా ఈ మూడు అంకెలే.

ఎలాగంటే, శ్రుతిని నిర్ణయించేది పొడవు, బిగువు, మీటరుకి తీగ బరువు. ఒకే పొడవు, ఒకే బిగువు, ఒకే శ్రుతి కావాలంటే బరువు ఒకటే ఉండాలి. పదార్థం సాంద్రత పెరిగితే తీగ సన్నబడాలి. 'ఏ' తీగ ఫ్లోరోకార్బన్‌లో 0.48 మిల్లీమీటర్లయితే నైల్‌గట్‌లో 0.56, నైలాన్‌లో 0.60 ఉంటేనే బిగువు సమానమవుతుంది. సన్నటి తీగ వంగడానికి మొరాయించదు కాబట్టి పై స్థాయి అనుస్వరాలు (అసలు స్వరంతో కలిసి సన్నగా పలికే స్వరాలు) స్పష్టంగా మిగులుతాయి, నాదం ఎక్కువసేపు నిలుస్తుంది. లావు తీగలో అవి త్వరగా ఆరిపోతాయి. ఆ ఆరిపోవడాన్నే కొందరు తీపి అంటారు, కొందరు మొద్దు అంటారు. రెండూ నిజమే, ఏ వాయిద్యం మీదన్నదే ప్రశ్న.

ఇటలీకి చెందిన అకీలా తయారుచేసే నైల్‌గట్ ఆ పేగు సాంద్రతని కృత్రిమంగా తెచ్చిన పదార్థం. నైలాన్, గట్ అన్న రెండు మాటలు కలిపి పెట్టిన పేరు. ముత్యపు తెలుపు రంగు, వెలుతురు లోపలికి పోదు. 4యు సోప్రానోకి, 7యు కాన్సర్ట్‌కి, 10యు టెనర్‌కి. ప్యాకెట్ మీద ఈ అంకె చూడకుండా డబ్బు కట్టొద్దు. వేలికి కొద్దిగా గరుకుగా తగులుతుంది, గోటికి పట్టు దొరుకుతుంది. వేలు జార్చి గమకం పలికించాలని చూసేవాళ్లకి ఆ గరుకు అడ్డమే. శబ్దం పెద్దది, మీటగానే పదునుగా పలుకుతుంది. లేమినేట్ పలకలు తమంతట తాము ఎక్కువ పలకవు, వాటిని తట్టిలేపే తీగ కావాలి. 7యు ఆ పని బాగా చేస్తుంది. అదే తీగని మంచి కోవా (హవాయి చెట్టు) చెక్క వాయిద్యం మీద వేస్తే కొంచెం అరుస్తున్నట్టుంటుంది. దాని బలహీనత ఇంకోటి ఉంది. పదునైన అంచుని సహించదు. నట్ గాడి చివర కొస తేలి ఉంటే నైలాన్ సర్దుకుపోతుంది, నైల్‌గట్ మాత్రం ఒకరోజు పొద్దున పెట్టె తెరిచేసరికి తెగి ఉంటుంది. నున్నదనం ముఖ్యమనుకునేవాళ్లు అదే కంపెనీ సూపర్ నైల్‌గట్ కాన్సర్ట్ సెట్, 103యు, చూడొచ్చు.

ఫ్లోరోకార్బన్ అసలు గాలపు తాడు. నీళ్లలో చేపకి కనిపించకుండా ఉండేందుకు జపాన్‌లో 1970లలో మార్కెట్లోకి వచ్చిన పదార్థమే తరవాత వాయిద్యాల మీదికెక్కింది. నీళ్లు పీల్చదు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఇది చిన్న లాభం కాదు. నైలాన్ తేమ పీలుస్తుంది, వానాకాలంలో శ్రుతి అటూ ఇటూ పోతుంది. ఎం600 పారదర్శకంగా, నున్నగా, సన్నగా ఉంటుంది. విడివిడి స్వరాలు వాయించేవాళ్లకి మూడింటిలో ఇదే మేలు. తీగలు విడిగా, శుభ్రంగా వినిపిస్తాయి. సి తీగ సన్నబడటంవల్ల పై ఫ్రెట్ల దగ్గర అపశ్రుతీ తగ్గుతుంది. లావు సి తీగ నొక్కినప్పుడు శ్రుతి కొంచెం పైకి పోవడం చవక యుకులేలేల పాత జబ్బు. కానీ నున్నదనం వల్ల ముడి జారుతుంది. సన్నదనం వల్ల, లావు నైలాన్‌కి కోసిన గాడిలో అటూ ఇటూ ఆడుతుంది. ఈ రెండూ తీగ తప్పులు కావు, కానీ డబ్బు పెట్టినవాడికి బాధ ఒకటే. వర్త్ అనే జపాన్ కంపెనీ ఫ్లోరోకార్బన్ సెట్లలో తీగ రెండుసార్లు బిగించేంత పొడవు ఉంటుంది. ధర చూసి ఉలిక్కిపడేముందు రెండుతో భాగించుకోండి.

తీగ, గాలపు తాడు ఒకటే పదార్థం కదా, గాలపు తాడే కొని బిగిస్తే? బిగించేవాళ్లున్నారు, పలుకుతుంది కూడా. కాకపోతే అది చేప బరువుకి చూసుకుని చేసినది, స్వరానికి కాదు. పొడవునా మందం ఒకేలా లేకపోతే 12వ ఫ్రెట్ స్వరం తప్పుతుంది. నాలుగు మందాలకి నాలుగు చుట్టలు కొనాలి. అంత శ్రమ అక్కర్లేదు.

ఈజే87సి పేరులో టైటేనియం చూసి లోహమనుకోవద్దు. లోతైన ఊదా ఛాయ ఉన్న పారదర్శకమైన పాలిమర్ తీగ. మామూలు నైలాన్ కంటే మెరుపు ఎక్కువ, ఫ్లోరోకార్బన్ కంటే మెత్తన. వేలికి చాలా హాయి. పిల్లలకి, కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి ఇదే ముందు ఇవ్వొచ్చు, ఒక్క షరతుతో. నిలకడకి రావడానికి మూడింటిలోకీ ఎక్కువ రోజులు తీసుకుంటుంది. రోజుకి నాలుగైదుసార్లు శ్రుతి సరిచేయడం పిల్లలకి విసుగు. పెద్దవాళ్లెవరైనా ఆ వారం ఆ పని చూసుకోవాలి.

ఉక్కు తీగలు మాత్రం ఎవరు చెప్పినా వేయొద్దు. వీణకీ మాండలిన్‌కీ అవి సహజం, ఆ వాయిద్యాలు ఆ బిగువుకి కట్టినవి. యుకులేలే పైపలక రెండు మిల్లీమీటర్ల మందం కూడా ఉండదు, బ్రిడ్జ్ (తీగల కింది కొసల్ని పట్టే దిమ్మ) ఆ పలకకి జిగురుతో అతికి ఉంటుంది. ఉక్కు బిగువుకి ముందు పొట్ట ఉబ్బుతుంది, తరవాత బ్రిడ్జ్ ఊడివస్తుంది, ఊడేటప్పుడు కింద చెక్కని కూడా పీక్కొస్తుంది.

ఇప్పుడు బిగింపు. కావలసినవి గోళ్లు కత్తిరించే నెయిల్ కట్టర్ (లేదా చిన్న వైర్ కట్టర్), ట్యూనర్, మెత్తటి గుడ్డ, ఒక పెన్సిల్, ఒక పోస్టుకార్డు సైజు అట్టముక్క. పాత తీగలు విప్పకముందే బ్రిడ్జ్ దగ్గర, హెడ్‌స్టాక్ (మెడ చివర తీగలు చుట్టే తల భాగం) దగ్గర ఫోన్‌తో ఒక్కో ఫొటో తీసుకోండి. ముడి ఎటునుంచి ఎటు పోయిందో అరగంట తరవాత ఎవరికీ గుర్తుండదు. బిగువు మీదున్న తీగని ఎప్పుడూ కత్తిరించొద్దు. పూర్తిగా వదులు చేశాకే కత్తెర.

ఒక్కోటి మార్చాలా, నాలుగూ ఒకేసారి తీసేయాలా అన్నదానికి జవాబు శాడిల్‌లో ఉంది. చాలా యుకులేలేల్లో శాడిల్ గాడిలో ఊరికే కూర్చుని ఉంటుంది, జిగురు ఉండదు. నాలుగూ తీసేస్తే అది కింద పడుతుంది, తిప్పి పెట్టేస్తారు, శ్రుతి పోతుంది. కింద పికప్ (శబ్దాన్ని స్పీకరుకి పంపే పరికరం) ఉన్న వాయిద్యమైతే ఇంకా ఇబ్బంది. కాబట్టి మామూలుగా ఒకటి తీసి ఒకటి వేయండి. ఫ్రెట్‌బోర్డు మురికి తుడవాలనుకుంటే మాత్రం నాలుగూ తీసి, శాడిల్ ఏ వైపు ఏ దిక్కో పెన్సిల్‌తో గుర్తుపెట్టుకోండి.

ప్యాకెట్‌లో ఒకటో నంబరుది 'ఏ' తీగ, అంటే వాయించేటప్పుడు నేలవైపు ఉండేది. నాలుగు జి, మీ ముఖం వైపుది. ఇది తలకిందులుగా వేయడం రోజూ జరిగే తప్పు. లేబుల్ పోయిందా, వేళ్ల మధ్య పెట్టి చూడండి. అన్నిటికన్నా లావు సి, తరవాత ఇ. జి, ఏ రెండూ సన్నవి, చాలా సెట్లలో జి ఒక పిసరు లావు. కొన్ని సెట్లలో రెండూ ఒకటే మందం, అప్పుడు ఏది ఎక్కడ వేసినా ఫరవాలేదు.

బ్రిడ్జ్‌లు ప్రధానంగా రెండు రకాలు. గాడి బ్రిడ్జ్ సులువు. తీగ చివర ఎనిమిది అంకె ముడి వేసి, ముడి తరవాత అయిదారు మిల్లీమీటర్ల తోక వదిలి, వెనకనుంచి గాడిలోకి దించి లాగడమే. సన్నటి ఫ్లోరోకార్బన్ 'ఏ' తీగతో ఇక్కడ చిక్కు. ముడి చిన్నదై గాడిలోంచి దూరి వచ్చేస్తుంది. అదే ముడిలో ఇంకో చుట్టు ఎక్కువ వేయండి, లేదా పాత సి తీగ ముక్క ఒకటి ముడిలో ఇరికించి బిగించండి. ముడిని చేత్తో గట్టిగా లాగి చూశాకే గాడిలో పెట్టాలి.

రెండోది కట్టే బ్రిడ్జ్, క్లాసికల్ గిటారు మీద ఉన్నట్టు రంధ్రాలుంటాయి. తీగని సౌండ్‌హోల్ (పైపలక నడుమ ఉన్న పెద్ద రంధ్రం) వైపునుంచి రంధ్రంలోకి తోసి, వెనక ఆరేడు సెంటీమీటర్లు బయటికి లాగండి. ఆ తోకని బ్రిడ్జ్ దిమ్మ మీదుగా ముందుకి తెచ్చి, తీగ రంధ్రంలోకి దూరే చోట దాని కిందనుంచి తిప్పి, మళ్లీ దిమ్మ మీదికి తీసుకురండి. ఇప్పుడు దిమ్మ మీద ఒక లూపు ఏర్పడుతుంది. తోకని ఆ లూపు కిందుగా దూర్చాలి. లావు సి తీగకి ఒకసారి, ఇ తీగకి రెండుసార్లు, జి, ఏ తీగలకి రెండు మూడుసార్లు. ఫ్లోరోకార్బన్ అయితే ప్రతిదానికీ ఇంకొకటి కలుపుకోండి. అన్నిటికన్నా ముఖ్యం చివరి దూర్పు ఎక్కడ పడిందన్నది. అది దిమ్మ పైన కాదు, దిమ్మ వెనక అంచు దిగాక, కిందివైపు పడాలి. అప్పుడే బిగువు పెరిగేకొద్దీ తీగ తోకని చెక్కకేసి నొక్కిపెడుతుంది. దిమ్మ పైనే ఆగితే చూడ్డానికి ముడి అందంగానే ఉంటుంది, శ్రుతి సగానికి వచ్చేసరికి మెల్లగా జారడం మొదలవుతుంది, చివరికి టప్‌మని ఊడుతుంది. ఊడే తోక పైపలక మీద కొట్టి పాలిష్‌లో చిన్న గుంట చేస్తుంది. అట్టముక్క తెచ్చుకోమన్నది అందుకే, బిగించేటప్పుడు దాన్ని బ్రిడ్జ్ వెనక పెట్టండి. "శ్రుతి నిలవడం లేదు" అన్న ఫిర్యాదుకి మొదట చూడాల్సింది ఈ చివరి దూర్పే.

హెడ్‌స్టాక్ వైపు. పోస్టు (తీగ చుట్టుకునే చిన్న కడ్డీ) మీద రెండు మూడు చుట్లు చాలు. పోస్టు మందం 6 మిల్లీమీటర్లయితే ఒక చుట్టుకి సుమారు 19 మిల్లీమీటర్ల తీగ పడుతుంది. అంటే రంధ్రంలోకి దూర్చాక నట్‌కీ పోస్టుకీ మధ్య అయిదారు సెంటీమీటర్ల అదనపు వదులు ఉంచాలి. ఎక్కువ వదిలితే ఏడెనిమిది చుట్లు ఒకదానిమీదొకటి ఎక్కి, వాటి మధ్య వదులు తీరేదాకా రోజుల తరబడి శ్రుతి దిగుతూనే ఉంటుంది. మొదటి చుట్టు రంధ్రంలోంచి వచ్చిన తోక పైనుంచి, తక్కిన చుట్లు దానికింద పడేలా తిప్పండి. తోక రెండింటి మధ్య నలిగి కదలకుండా ఉంటుంది. చుట్లు కిందికి దిగుతుంటే తీగ నట్ మీద కోణంతో కూర్చుంటుంది. పైకెక్కితే ఆ కోణం పోయి ఖాళీ తీగ జీరగా పలుకుతుంది. తీగ ఎప్పుడూ పోస్టుకి లోపలివైపునుంచే, హెడ్‌స్టాక్ నడుమవైపునుంచే పోవాలి.

కొన్ని సోప్రానోలకి గేరు లేని ఫ్రిక్షన్ పెగ్గులుంటాయి. వీణ బిరడాల్లాగే రాపిడి మీద నిలబడతాయి. కాకపోతే వెనక ఒక చిన్న స్క్రూ ఉంటుంది. తిప్పిన పెగ్గు వదిలేయగానే వెనక్కి తిరిగిపోతుంటే ఆ స్క్రూని పావు చుట్టు బిగించండి. తిప్పడమే కష్టమైతే పావు చుట్టు వదలండి. అంతకన్నా ఒక్కసారిగా బిగిస్తే ప్లాస్టిక్ వాషర్ చిట్లుతుంది. గేరు లేకపోవడంవల్ల పెగ్గు వెంట్రుకవాసి కదిలినా శ్రుతి చాలా మారిపోతుంది. ఇలాంటి వాయిద్యం మీద ఎక్కువ సాగే నైలాన్ కన్నా త్వరగా కుదురుకునే నైల్‌గట్ నయం.

నట్ గాడులు చూడకుండా తోకలు కత్తిరించొద్దు. తీగ ఎక్కిస్తుంటే టిక్, టిక్ అని చప్పుడొస్తే గాడి తీగని పట్టుకుని వదులుతోందని అర్థం. ట్యూనర్ సూది కాసేపు కదలదు, తరవాత ఒక్కసారిగా దూకుతుంది. గాడిలో పెన్సిల్ ములుకు నాలుగుసార్లు రుద్దండి, గ్రాఫైటు కందెనలా పనిచేస్తుంది. దాంతో తగ్గకపోతే గాడి తీగకన్నా సన్నగా ఉన్నట్టే, ఆకురాయితో వెడల్పు చేయించాలి. గాడి లోతు సరిచూడటానికి తీగని మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి, ఒకటో ఫ్రెట్ మీద సందు చూడండి. మామూలు కాగితం మందమంత కనిపించాలి. ఎక్కువుంటే మొదటి ఫ్రెట్ నొక్కడం కష్టం, నొక్కిన స్వరం పైకి పోతుంది. అసలు సందే లేకపోతే ఖాళీ తీగ జుయ్‌మంటుంది. లావు తీగలనుంచి సన్నటి ఫ్లోరోకార్బన్‌కి మారినప్పుడు ఈ రెండోది బయటపడుతుంది, ఎందుకంటే సన్నటి తీగ గాడిలో ఇంకా కిందికి కూర్చుంటుంది. 12వ ఫ్రెట్ మీద తీగ ఎత్తు రెండున్నర నుంచి మూడు మిల్లీమీటర్లుంటే వాయించడానికి హాయి.

నాలుగూ శ్రుతికి వచ్చాక అసలు ఓపిక మొదలు. పాలిమర్ తీగ బిగువు కింద రోజుల తరబడి సాగుతుంది. అది లోపం కాదు, దాని స్వభావం. 12వ ఫ్రెట్ దగ్గర తీగని రెండు వేళ్లతో పట్టుకుని పలకనుంచి ఒక సెంటీమీటరు మెల్లగా పైకి లాగి వదిలి, శ్రుతి సరిచేయండి. తీగకి అయిదారుసార్లు. ఇంకా గట్టిగా లాగితే తీగ ఒకచోట సన్నబడి స్వరాలు తప్పుతాయి. నైల్‌గట్ రెండు మూడు రోజుల్లో కుదురుకుంటుంది. ఫ్లోరోకార్బన్‌కి ఇంచుమించు అంతే, ఒకటి రెండు రోజులు అటూ ఇటూ. నైలాన్ జాతి తీగలకి వారం. ఎప్పుడు సరిచేసినా కొంచెం కిందికి దించి, పైకి ఎక్కిస్తూ స్వరానికి రండి. పైనుంచి దించి ఆపితే గేరులోని వదులు మిగిలిపోయి పది నిమిషాల్లో మళ్లీ దిగుతుంది. మర్నాడు కూడా ముడులు కదల్లేదని తేలాకే తోకలు కత్తిరించండి. బ్రిడ్జ్ వెనక నాలుగైదు మిల్లీమీటర్లు వదలండి, ఆ కొస పైపలకకి తాకకూడదు. తాకితే ఒకే ఒక్క స్వరం దగ్గర చిన్న గరగర వినిపిస్తుంది. దాని మూలం వెతుకుతూ వాయిద్యమంతా విప్పేవాళ్లున్నారు.

నిలకడకి వచ్చాక ఒక పరీక్ష. 12వ ఫ్రెట్ మీద వేలు ఆనించీ ఆనించకుండా మీటితే వచ్చే స్వరం, అదే ఫ్రెట్ నొక్కి మీటితే వచ్చే స్వరం ఒకటే కావాలి. నాలుగు తీగలూ సమానంగా పైకి పోతే అది శాడిల్ సంగతి, తీగలది కాదు. ఒక్క తీగే తప్పితే ఆ తీగ మందం ఎగుడుదిగుడుగా ఉందన్నమాట. దాన్ని విప్పి తలకిందులుగా తిప్పి వేసి చూడండి. తప్పు దిశ మారితే తీగదే దోషం, ప్యాకెట్ వెనక్కి పంపొచ్చు.

లో-జి, అంటే కింది స్థాయి జి గురించి అడిగేవాళ్లు ఎక్కువ. గొంతుకి తోడుగా వాయించేవాళ్లకి మంద్ర పంచమం ఉంటే బాగుంటుంది. మన కృతులు వాయించుకునేవాళ్లకైతే షడ్జం కిందికి దిగడానికి వేరే దారి లేదు. 196 హెర్ట్జ్ జి అంటే మామూలు జి కన్నా సరిగ్గా ఒక స్థాయి కింద. అదే బిగువు ఉండాలంటే తీగ బరువు నాలుగింతలు కావాలి, అంటే మందం రెండింతలు. సన్నటి జికి కోసిన గాడిలో ఆ తీగ కూర్చోదు. నట్ గాడి వెడల్పు చేయించాకే వేయాలి, మళ్లీ మామూలు జికి రావాలంటే ఆ వెడల్పు గాడిలో సన్న తీగ ఆడుతుంది. అందుకే ఇది ముందే తేల్చుకోవాల్సిన విషయం. లోహపు చుట్టు ఉన్న లో-జి తీగ సన్నగా ఉంటుంది, గాడి సమస్య తక్కువ. కానీ వేలు జరిపితే కీచుమంటుంది, చుట్టు ఫ్రెట్ల మీద అరిగి మిగతా మూడింటికన్నా ముందే పోతుంది. చుట్టు లేని లావు తీగ నున్నగా ఉంటుంది, టెనర్ మీద బాగా పలుకుతుంది. డాడారియో ఈజే99టిఎల్‌జి టెనర్‌కి చేసిన అలాంటి కార్బన్ లో-జి సెట్. సోప్రానో పొడవు మీద మాత్రం లో-జి మీద ఆశ పెట్టుకోవద్దు. తీగ ఏదైనా బిగువు చాలదు, పెట్టె చిన్నదై ఆ మంద్రం పలకదు.

ఎన్నాళ్లకి మార్చాలి? రోజూ గంటసేపు వాయిస్తే ఆరు నెలలు అనుకోవచ్చు. కానీ క్యాలెండరు చూడటంకన్నా తీగ కిందివైపు గోరు పెట్టి తడమడం మేలు. ఒకటి, రెండు, మూడో ఫ్రెట్ల దగ్గర చిన్న గాట్లు తగిలితే మార్చే సమయమైంది. ఎడమచేతివాళ్లు తీగలు తిరగేసి వేసుకోవాలంటే సి, ఇ గాడుల వెడల్పులు మార్చుకోవాలి, లేదంటే సి తీగ ఇ గాడి పైన తేలి ఉంటుంది. మేలో ఎండలో నిలిపిన కారులో వాయిద్యాన్ని ఉంచొద్దు. తీగలకేం కాదు, బ్రిడ్జ్ కింది జిగురు మెత్తబడుతుంది.

తీగ తెగితే పారేసేముందు ఎక్కడ తెగిందో చూడండి. నట్ దగ్గరయితే గాడి అంచు పదును. నైల్‌గట్ విషయంలో మొదటి అనుమానం అక్కడే, 600 నంబరు గరుకు కాగితం సన్నగా మడిచి అంచుని గుండ్రం చేస్తే చాలు. శాడిల్ మీద తెగితే అక్కడ అంచు కొస తేలి ఉంది, అదే కాగితంతో నున్నగా చేయొచ్చు. పోస్టు రంధ్రం దగ్గరయితే లోహపు గరుకు, లావు సూదిని రంధ్రంలో తిప్పి అంచులు నునుపు చేయాలి. ఫ్రెట్ల మధ్య తెగితే ఆ ఫ్రెట్ తల మీద గీత పడిందేమో చూడండి. ముడి లోపలే తెగితే ముడి బిగించేటప్పుడు తీగ మెలిపడి నలిగింది. ఆ చోటు చక్కదిద్దాకే కొత్త ప్యాకెట్ చింపండి.